చీటీ రాయకముందే ఖర్చు మాట



ఈ నెల మా ఇంటి సంగతి ఒకటి మీ ముందు పెట్టదలచుకున్నాము. చెప్పుకోవటానికి కొంచెం సిగ్గుగానే ఉంది. అయినా ఈమధ్య ఆదివారం ఆరాధన ముగిశాక గుడి అరుగు మీద కూర్చుంటే, "బరువు తగ్గించే సూది వచ్చిందట గదండీ, ఎంతవుతుంది? కొంచెం తక్కువలో దొరికే దారి ఉందా?" అని అడిగేవారు ఎక్కువయ్యారు. ఆ ప్రశ్నకు జవాబు మేము మా అక్కగారి మంచం పక్కన కూర్చుని నేర్చుకున్నాము. కనుక అక్కడినుంచే మొదలుపెడతాము.

మా అక్కగారికి 58 ఏళ్ళు. షుగరు వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఎత్తు అయిదడుగులు, బరువు 91 కిలోలు. మోకాళ్ళ నొప్పితో పీట మీద కూర్చుంటే ఇంకొకరు చెయ్యి అందించాలి. 2025 జూన్‌లో పట్నంలో ఒక డాక్టరు గారికి చూపించాము. ఆయన మంచివారే. పరీక్షలన్నీ చూసి, వారానికొకసారి పొట్ట మీద వేసుకునే టిర్జెపటైడ్ అనే ఇంజెక్షను రాశారు. మౌంజారో అనే పేరుతో ఆ మందు మన దేశంలోకి వచ్చింది 2025 మార్చిలోనే.

చీటీ చూసిన అక్క, "ఖరీదు ఎంతవుతుందో అడుగు తమ్ముడూ" అని చెవిలో అన్నది. "ఊరుకో అక్కా, పెద్ద డాక్టరు ముందు డబ్బు మాట ఎత్తితే చులకనవుతాము" అని వారించింది మేమే. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాటకు ప్రాయశ్చిత్తం అనుకోండి.

మందుల షాపులో లెక్క తెలిసింది. మొదటి నెల 2.5 మిల్లీగ్రాముల సీసా ఒక్కొక్కటి 3,500 రూపాయలు. నెలకు నాలుగు, అంటే 14,000. రెండో నెల నుంచి 5 మిల్లీగ్రాముల సీసా 4,375 రూపాయలు. నెలకు 17,500. మూడు నెలలకు 49,000 రూపాయలు అయ్యాయి. అక్కకు ఆకలి తగ్గింది, ఆరు కిలోలు తగ్గింది, షుగరు అదుపులోకి వచ్చింది. మందు పని చేయలేదని మేము అనము. అయితే రెండెకరాల చేను, రెండు గేదెలు ఉన్న ఇల్లు అది. మూడో నెలకు వచ్చేసరికి బావగారు ఒక పాడిగేదెను అమ్మేశారు. మాకు చెప్పలేదు.

ఆ తరువాత అక్క తనకు తోచిన పొదుపు చేసింది. వారానికొకటి వేసుకోవలసిన సూది రెండు వారాలకొకటి వేసుకుంది. నవంబరులో పూర్తిగా మానేసింది. డిసెంబరులో వడ్ల డబ్బు చేతికి రాగానే మళ్ళీ షాపుకు వెళ్ళి, ఆపినచోటు నుంచే 5 మిల్లీగ్రాములది తెచ్చుకుని వేసుకుంది. ఆ రాత్రి మొదలైన వాంతులు రెండు రోజులు ఆగలేదు. నీళ్ళు కూడా కడుపులో నిలవలేదు. ఆసుపత్రిలో చేర్చి సెలైను ఎక్కించవలసి వచ్చింది. మంచం పక్కన రాత్రంతా ప్రార్థనలో గడిపాము. తెల్లవారాక అక్క, "మీకు చెబితే అప్పు చేసి అయినా కొంటారని చెప్పలేదు తమ్ముడూ" అన్నది.

అదే డాక్టరు గారు వచ్చి విషయమంతా విన్నారు. "అమ్మా, ఈ మందు శరీరానికి కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. అందుకే చిన్న మోతాదుతో మొదలుపెడతాము. వారాల తరబడి ఆపితే ఆ అలవాటు పోతుంది. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు మమ్మల్ని అడగాలి. అసలు ఇంత ఖర్చు మీకు కష్టమని మొదటిరోజే చెబితే వేరే దారి చూసేవాణ్ణి గదా!" అన్నారు. ఆ మాటతో మేము తల దించుకున్నాము. అడగకపోవటం వలన మిగిలిన మర్యాద ఏమీ లేదు. పోయింది మాత్రం గేదె, డబ్బు, ఆరోగ్యం.

గోపురం కట్టాలనుకున్నవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలన్న ఉపమానం మనందరికీ తెలుసు. మందు విషయంలోనూ అంతే. కనుక డాక్టరు గారు చీటీ రాస్తున్నప్పుడే ఈ ప్రశ్నలు అడగండి. కాగితం మీద రాసుకుని వెళ్ళినా తప్పులేదు.

మొదటిది: "ఇది నాకు తప్పనిసరా? ఇంతకంటే చవకది ముందు వాడి చూడవచ్చా?" బరువు కిలోలలో తీసుకుని, ఎత్తును మీటర్లలో రెండుసార్లు భాగించి చూస్తే వచ్చే అంకెను బట్టి డాక్టర్లు నిర్ణయిస్తారు. సాధారణంగా ఆ అంకె 30 గాని అంతకు మించి గాని ఉన్నవారికి, లేదా 27 దాటి షుగరు, బీపీ వంటివి ఉన్నవారికి ఈ ఇంజెక్షన్లు రాస్తారు. మా అక్కకు అది 39 దాటింది. పెండ్లి ఫొటోల కోసం నాలుగు కిలోలు తగ్గాలనుకునే పిల్లలకు ఇది తగిన మందు కాదు. గర్భవతులు అసలు వాడకూడదు.

రెండవది: "ఎంతకాలం వాడాలి?" అందరూ మరచిపోయే ప్రశ్న ఇదే. 2021లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో సెమాగ్లూటైడ్ అనే మందును 68 వారాలు వాడినవారు సగటున తమ బరువులో నూటికి 15 పాళ్ళ దాకా తగ్గారు. వారిలో కొందరిని, మందు ఆపిన తరువాత ఏడాది పాటు గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. బీపీ బిళ్ళ లాగా దీన్ని కూడా దీర్ఘకాలం వాడవలసి రావచ్చునన్నమాట. కనుక ఒక నెల ఖర్చు కాదు, 12 నెలల ఖర్చు లెక్క వేయండి. అంత మోయలేమనుకుంటే మొదలుపెట్టకముందే చెప్పటం మేలు.

మూడవది: "మోతాదు పెరిగేకొద్దీ ధర ఎంత పెరుగుతుంది?" మొదటి నెల ధర చూసి ఇంతే గదా అనుకుంటే, తరువాతి నెలల్లో లెక్క తప్పుతుంది. మాకు జరిగింది అదే.

నాలుగవది: "ఇదే మందు వేరే కంపెనీది ఉందా?" ఒక మందుకు పేటెంటు ఉన్నంతకాలం ఇతరులు తయారుచేయలేరు. అది ముగియగానే పోటీ వస్తుంది, ధర దిగుతుంది. షుగరుకు వాడే ఎంపాగ్లిఫ్లోజిన్ బిళ్ళ ఒక్కొక్కటి సుమారు 60 రూపాయలుండేది. 2025 మార్చిలో పేటెంటు ముగిశాక ఇతర కంపెనీల బిళ్ళలు 10 రూపాయల లోపుకే దొరికాయి. సెమాగ్లూటైడ్‌కు మన దేశంలో 2026 మార్చిలో పేటెంటు గడువు తీరింది. కనుక ఆ మందు రాస్తే, ఏయే కంపెనీలది ఉంది, ఏది ఎంత అని రెండు మూడు షాపులలో విచారించండి. టిర్జెపటైడ్‌కు మాత్రం పేటెంటు ఇంకా ఉంది. ఒకదాని బదులు ఇంకొకటి మీ అంతట మీరు మార్చుకోకండి. డాక్టరు గారే మార్చాలి.

అయిదవది: "ఎప్పుడైనా డబ్బు అందకపోతే ఏమి చేయాలి?" ఈ ప్రశ్న అడిగి ఉంటే మా అక్క ఆసుపత్రిలో చేరేది కాదు.

ఇక సరైన పొదుపు ఎక్కడ ఉందో చెబుతాము. బరువు మందు ఒక్కదానినే చూడకండి. ఇంట్లో వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు గారికి చూపించండి. కొన్ని షుగరు మందులే బరువు పెంచుతాయి. వాటిని మార్చే వీలుంటే అదే ఒక మేలు. షుగరు, బీపీల మామూలు మందులు ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. అక్కడ లేనివి జన ఔషధి దుకాణంలో అడగండి. 2008లో మొదలైన ఈ దుకాణాలలో కంపెనీ పేరు లేకుండా అసలు మందు పేరుతోనే అమ్ముతారు. ధర బయటి పేరున్న మందులలో సగం గాని, అంతకంటే బాగా తక్కువ గాని ఉంటుంది. అందుకే అసలు మందు పేరు విడి అక్షరాలలో రాయమని డాక్టరు గారిని కోరండి. ఇంకొక సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లు తీసుకుని చూసుకోండి.

ఇంజెక్షన్లు ఒకేసారి మూడు నెలలవి కొనవద్దు. పడకపోతే, మోతాదు మారితే, ఆ డబ్బు వృథా. కొన్నవాటిని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. గడ్డకట్టకూడదు. ఫ్రిజ్ లేని ఇల్లయినా, కరెంటు గంటల తరబడి పోయే ఊరయినా, ఆ మాట కూడా ముందే చెప్పండి. పాడైన మందుకు ధర మాత్రం తగ్గదు గదా!

పొదుపు పేరుతో చేయకూడనివి కొన్ని ఉన్నాయి. మోతాదు చీల్చుకోవటం, వారాలు సాగదీయటం గురించి మా అక్క సంగతి చాలు. ఒకరి పెన్నును మరొకరు, సూది మార్చినా సరే, వాడకూడదు. రక్తం ద్వారా వచ్చే జబ్బులు అంటుకుంటాయి. ఫోనుకు వచ్చే సందేశాలు చూసి సగం ధరకు తెప్పించుకోవద్దు. 2023లో బ్రెజిల్, బ్రిటన్, అమెరికాలలో నకిలీ సెమాగ్లూటైడ్ బయటపడిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లో హెచ్చరించింది. లైసెన్సు ఉన్న షాపులో, చీటీ చూపించి, బ్యాచి నంబరు ఉన్న బిల్లుతోనే కొనండి.

"ఇదంతా ఎందుకు, మూలికల పొడి అయితే చవక" అనేవారు కూడా ఉన్నారు. సిబుట్రమైన్ అనే బరువు మందు గుండెకు ముప్పు తెస్తుందని మన ప్రభుత్వం 2011లో నిషేధించింది. అటువంటి మందును మూలికల పొడులలో, గుళికలలో రహస్యంగా కలిపి అమ్మినట్లు పలు దేశాలలో బయటపడింది. పేరు లేని డబ్బాలో ఏముందో మనకు తెలియదు.

తిండి సంగతి రెండు మాటలలో చెబుతాము. సూది వేసుకున్నా వేసుకోకపోయినా ఇది తప్పదు. కంచంలో అన్నం సగానికి తగ్గించి, పప్పు, గుడ్డు, ఆకుకూర, మజ్జిగ పెంచండి. బరువు తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. పప్పు, గుడ్డు వంటివి, కొద్దిపాటి వ్యాయామం కండను కాపాడతాయి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు కుర్చీలో కూర్చునే కాళ్ళు చాచి ముడుచుకునే వ్యాయామం చేయవచ్చు. ఒక్క మనవి. స్త్రీల కూటములలో లావుగా ఉన్నవారిని చూసి నవ్వటం మానుదాము. శరీరం తీరు, కొన్ని మందులు, వయసు, వంశం, ఇవన్నీ బరువును పెంచుతాయి. లావుగా ఉన్నవారంతా తిండిపోతులు కారు. ఆ నవ్వులకు భయపడే చాలామంది అప్పు చేసి సూదుల వెంట పడుతున్నారు.

ఇప్పుడు మా అక్క ఎలా ఉందంటారా? డాక్టరు గారు ఇంజెక్షను ఆపి, బరువు పెంచే ఒక బిళ్ళను మార్చి, మెట్‌ఫార్మిన్‌తో పాటు చవకగా దొరికే ఇంకొక బిళ్ళ రాశారు. మెట్‌ఫార్మిన్ ఆరోగ్య కేంద్రంలో తీసుకుంటున్నది. నెలకు మందుల ఖర్చు 400 రూపాయలు దాటటం లేదు. బరువు 87 కిలోలు ఉంది. సూదితో తగ్గినంత తగ్గలేదు, ఆ మాట దాచము. కాని షుగరు అదుపులో ఉంది, ఉదయం పూట తన చేను గట్టు దాకా నడిచి వస్తున్నది. సూది మందు ధర ఇంటికి అందేటంతగా దిగితే, అవసరమైతే మళ్ళీ ఆలోచిద్దామని డాక్టరు గారు అన్నారు.

మొన్న పరీక్షకు వెళ్ళినప్పుడు ఆయన కొత్త బిళ్ళ ఒకటి రాయబోయారు. మేము నోరు విప్పకముందే అక్క, "అయ్యా, రాసే ముందు ఇది నెలకు ఎంతవుతుందో చెప్పండి" అన్నది. డాక్టరు గారు కలం ఆపి, ధర చెప్పి, "మీకు కుదురుతుందా అమ్మా?" అని అడిగారు. అక్క మా వైపు తిరిగి చూసి నవ్వింది. మేమూ నవ్వాము. చులకనగా చూసినవారు అక్కడ ఎవరూ లేరు.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాము.