'లేదు' అని రాయించింది మనమే

రాత పరీక్ష పాసయ్యాడు, పరుగులో నెగ్గాడు, వైద్య పరీక్షా అయింది. చివరికి వచ్చిన కాగితంలో ఒక్కటే ముక్క: పూర్వాపరాలు సంతృప్తికరంగా లేవు, ఎంపిక రద్దు. కొలకలూరులో మా దగ్గర చదువుకున్న ఎరుకల పిల్లవాడి సంగతి ఇది. అతని మీదున్న కేసేమిటంటే, ఓ సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర దొరికాడు. బరి వేసినవాళ్లు, లక్షలు కాసినవాళ్లు కార్లెక్కి పోయారు. కోళ్ల గంపలు మోసే కూలికి వెళ్లినవాడు మిగిలాడు. కోర్టు ఆ కేసు కొట్టేసి చాలాకాలమైంది.

తప్పంతా ఆఫీసుదే అంటే మనం అబద్ధమాడినట్టే. ఫారంలో 'మీపై ఎప్పుడైనా కేసు నమోదైందా' అన్నచోట 'లేదు' అని రాయమన్నది మేమే. కొట్టేసిన కేసేగా, ఎవరు చూస్తారన్నాం. చూసేది పోలీసులు. మన పేటల్ని వాళ్లు చూడకుండా వదిలిందెప్పుడు? 1911 నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల పిల్లవాడు పుట్టుకతోనే నేరస్థుడు. బాపట్ల పక్కన స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఆ రోజుల్లో పుట్టిందే. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది, 1962లో మన రాష్ట్రానికి అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. కానిస్టేబులు వచ్చే వీధి మాత్రం అదే.

సరే, కాగితం వచ్చిందని ఇంట్లో కూర్చోవాలా? మనవాళ్లు కూర్చుంటున్నారు, మా కోపం అదే. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఏమందో చదవండి. దాచిన సంగతి బయటపడగానే కళ్లు మూసుకుని తీసేయమనలేదు. కేసు ఎంతటిది, ఎలా ముగిసింది, ఉద్యోగం ఎలాంటిది అని చూడమంది. 2011లో ఢిల్లీ పోలీసు ఎంపికకు సంబంధించిన సందీప్ కుమార్ కేసులోనైతే, కుర్రతనంలో జరిగిన చిన్న తప్పును జన్మంతా మోయించకూడదని అభ్యర్థి పక్షానే నిలిచింది. నిజం రాస్తే ఉద్యోగం ఇచ్చి తీరాలని మాత్రం 2016 తీర్పు అనలేదు. పిల్లలకు ఆ మాటా చెప్పాలి. కానీ దాచినవాడు ముందు దాచినందుకు సంజాయిషీ చెప్పుకోవాలి. నిజం రాసినవాడికి ఆ బాధ లేదు.

రద్దు కాగితం రాగానే కారణం ఏమిటో రాతపూర్వకంగా అడగండి. కోర్టు తీర్పు సర్టిఫైడ్ నకలు జతచేసి నియామక అధికారికి అప్పీలు పెట్టండి. వినకపోతే హైకోర్టులో రిట్ ఉంది. వకీలుకు డబ్బు లేదనకండి. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షను షెడ్యూల్డ్ తెగలవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసాయం ఇమ్మంటోంది. తెనాలి కోర్టుకు వెళ్లి అడగడానికి బస్సు చార్జీ చాలు. పద్దెనిమిది నిండకముందు కేసైతే 2015 బాలల న్యాయచట్టం 24వ సెక్షను చూపండి. పెద్దవాళ్లలా విచారించిన ఘోర నేరాలు తప్ప, శిక్ష పడినా దానివల్ల అనర్హత రాకూడదు. ఇది ఎంతమంది టీచర్లకు తెలుసు? మాకే నిరుడుదాకా తెలియదు.

ఆ పిల్లవాడి అప్పీలు మేమే కూర్చుని రాశాం. 'లేదు' అని రాయించింది అతని ఉపాధ్యాయులేనని అందులో పెట్టి, కింద మేమూ సంతకం చేశాం. ఉద్యోగానికి ముప్పని కొందరు హెచ్చరించారు. జవాబు ఇంకా రాలేదు.