మంచం మీద మూడు వారాలు

మన ప్లేనో పక్కనే, డల్లాస్‌లో 1966లో ఓ వింత పరీక్ష జరిగింది. ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు ఐదుగురిని మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. లేచేసరికి వాళ్ల దమ్ము పావువంతుకు పైగా పడిపోయింది. ముప్ఫయ్యేళ్లకు అదే ఐదుగురిని మళ్లీ పరీక్షిస్తే, వయసు కన్నా ఆ పడకే వాళ్లను ఎక్కువ దెబ్బతీసిందని తేలింది!

ఆ ఊళ్లోనే డాక్టర్ బెంజమిన్ లెవిన్ బృందం కదలకుండా కూర్చునే 45–64 ఏళ్ల వాళ్లను ఎంచుకుని, కొందరిచేత రెండేళ్లు వ్యాయామం చేయించింది. వారానికి నాలుగైదు రోజులు. అందులో ఒకరోజు మాత్రం గట్టిగా: నాలుగు నిమిషాలు ఆయాసం వచ్చేదాకా, మూడు నిమిషాలు నెమ్మదిగా, ఇలా నాలుగుసార్లు. బిగుసుకుపోతున్న గుండె కండరం మళ్లీ సాగడం మొదలుపెట్టింది. ఫలితాలు 2018లో ‘సర్క్యులేషన్’ వైద్య పత్రికలో వచ్చాయి. యోగా, బరువులతో సరిపెట్టిన జట్టులో ఆ మార్పు రాలేదు (యోగా మిత్రులు అలగొద్దు, దాని లాభాలు దానివే).

దక్షిణాసియా వాళ్లకు గుండెజబ్బు తొందరగా వస్తుంది. పొద్దస్తమానం లాప్‌టాప్ ముందుండే మన సాఫ్ట్‌వేర్ జనం ఈ సంచికలోని ముఖ్యవ్యాసం తప్పక చదవాలి. వ్యాయామం సంగతి రిటైరయ్యాక చూద్దాంలే అనుకునేవాళ్లు మరీనూ: 65 దాటాక మొదలుపెట్టినవాళ్లకు ఏడాది శిక్షణ ఇచ్చినా గుండె బిగుతు సడలలేదని ఇదే బృందం అంతకుముందే గమనించింది.