ఆటల పీరియడ్ కూడా బడిలో భాగమే

జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

ఆటిజం ఉన్న నాలుగో తరగతి పిల్లాడి తల్లిని. మావాడు ఎక్కాలు గడగడా చెప్తాడు. చిక్కంతా తోటిపిల్లలతోనే. ఆటలో తన వంతు ఎప్పుడో తెలియదు. మధ్యాహ్న భోజనం వరుసలో ఎవరైనా తోస్తే చెవులు మూసుకుని అరుస్తాడు. అది పొగరు కాదండీ, ఆ చప్పుడు, తోపులాట తట్టుకోలేడు. బడిలో వాణ్ని విడిగా కూర్చోబెడుతున్నారు, లేదంటే "తీసుకెళ్లండమ్మా" అని ఫోన్ చేస్తున్నారు. విడిగా కూర్చుంటే నలుగురితో కలవడం ఎలా నేర్చుకుంటాడు? ఫోన్ వచ్చిన ప్రతిసారీ నాకు ఆ పూట కూలి పోతోంది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి పిల్లలకు చదువుతో పాటు ఆటల్లోనూ సమాన అవకాశం ఇవ్వాలంది. ఇలాంటి పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో శిక్షణ పొందిన రిసోర్సు టీచర్లున్నారు. వారిని వారానికో రోజు మా బడికి పంపండి, సరిగ్గా భోజనం వేళకు, ఆటల పీరియడ్‌కు. వాణ్ని వరుసలో ముందు నిలబెట్టడం, ఆట నియమాలు బొమ్మలు గీసి చూపడం, నెమ్మదస్తులైన ఒకరిద్దరు పిల్లల్ని జత చేయడం మా టీచర్లకు దగ్గరుండి నేర్పితే చాలా మార్పు వస్తుంది.

ఇలాంటి పిల్లల్ని వేరుగా కూర్చోబెట్టవద్దని, మధ్యలో ఇంటికి పంపవద్దని ప్రధానోపాధ్యాయులందరికీ రాతపూర్వకంగా ఆదేశాలివ్వండి. ఈ నెలలోనే ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తల్లి