మెదక్ చర్చికి వందేండ్లు.. మరి రాళ్లు మోసినోళ్ల ముచ్చటేంది?

2024 క్రిస్మస్ నాడు మెదక్ చర్చికి వందేండ్లు నిండినయి. ముఖ్యమంత్రి వచ్చిండు, టీవీలోళ్లు వచ్చిండ్రు, మన పోరగాండ్లు రీల్స్ తీసిండ్రు. 175 ఫీట్ల గోపురం, రంగుల అద్దాల కిటికీలు.. సూడ రెండు కండ్లు సాలవు. అందరి నోట్లె ఒక్కటే పేరు, పాస్నెట్ దొర. కరువుల పని సూపెట్టి జనానికి బువ్వ పెట్టిండని మా దిక్కు ఇప్పటికీ చెప్పుకుంటరు. ఆ పేరు తీసెయ్యమని నేనంటలేను.

కని 1914 నుంచి పదేండ్లు ఆ రాళ్లు మోసిందెవరు? మా తాత వాళ్ల నాయన మోసిండట. నాయనమ్మ చెప్పేది, గోపురం లేస్తుంటే ఆయన భుజాల మీది తోలు ఊడొచ్చేదని.

ప్రొటెస్టెంట్ వారసత్వమంటే నాకు గోపురం కన్న పలకనే ముందు యాదికొస్తది. బైబిల్ ఎవరి భాషల వాళ్లే సదువాలన్నది ఆ మతం మొదటి మాట. అందుకే చర్చి పక్కపొంటి బడి లేసింది. ఊరి బడి అరుగు ఎక్కనియ్యని పిల్లలు అక్కడ అచ్చరం దిద్దిండ్రు. అంతా దొరలు ఇచ్చిందే అనుకుంటే తప్పు. ఒంగోలు దిక్కు ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల యాపారి ఊరూరు తిరిగి తనోళ్లకు తనే బోధ చేసిండు.

ఇగ కాయితం కాడికొద్దాం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ కాడు. సిక్కులను 1956ల, బౌద్ధులను 1990ల కలిపిండ్రు. మావోళ్లకు బీసీ-సీ, ఒక్క శాతం. మా నాయన నిజం చెప్పి బీసీ-సీ తీసుకున్నడు. చిన్నాయన ఎస్సీ అని రాపిచ్చుకున్నడు. ఇద్దరిది ఒక్క తల్లి కడుపు, ఒక్క వాడ, ఒక్క చర్చి. ఊరోళ్ల కండ్లకు ఇద్దరిదీ ఒక్క కులమే. మతం మారినోళ్లకు అట్రాసిటీ చట్టం వర్తించదని 2025ల ఆంధ్రా హైకోర్టు చెప్పింది. రేపు మా నాయనను ఎవడన్న కులం పేరు పెట్టి కొడితే ఏ కేసు పెట్టాలె? బాప్తిస్మం తీసుకుంటే కులం పోతదా? కొన్ని ఊళ్లల్ల మాలోళ్ల చర్చి ఏరే, మాదిగోళ్ల చర్చి ఏరే. చర్చిలనే పోనిది ఊళ్లె పోయిందంటే ఎట్ల నమ్మాలె? 2022ల కేంద్రం ఈ సంగతి తేల్చమని బాలకృష్ణన్ కమిషన్ ఏసింది. రెండేండ్లు అన్నరు, అటెన్క గడువు పెంచుకుంట పోయిండ్రు.

వందేండ్ల పండుగకు అన్నదమ్ములిద్దరు మెదక్ పోయిండ్రు. గోపురం ముంగట ఫొటో దిగిండ్రు. నేను స్టేటస్ పెడుతుంటే చిన్నాయన ఫోన్ గుంజుకున్నడు. "నన్ను కత్తిరిచ్చి పెట్టు బిడ్డా" అన్నడు.