ఇంటికి చేరాక మిగిలే వైద్యం

గుండె వైఫల్యమంటే గుండె ఆగిపోవడం కాదు; శరీరానికి చాలినంత రక్తాన్ని పంపు చేయలేక, ఊపిరితిత్తుల్లోనూ కాళ్లలోనూ నీరు చేరే స్థితి. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్, డిశ్చార్జి అయిన 30 రోజుల్లోపు ఇలాంటి రోగులు మరీ ఎక్కువగా తిరిగి చేరే ఆసుపత్రులకు 2012 అక్టోబరు నుంచి చెల్లింపులు తగ్గించడంతో, ఇంటికి వెళ్లిన రోగి బాగోగులు కూడా ఆసుపత్రుల బాధ్యతలో భాగమయ్యాయి. శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులు ఎంతో మేలు చేయగలిగేది ఇక్కడే. మందుల మోతాదు మార్చడం వారి పని కాదు; రోజూ ఉదయం ఏమీ తినకముందే బరువు చూసుకుంటున్నారా, చెప్పులు బిగుసుకుంటున్నాయా, రాత్రి పడుకోవడానికి అదనపు దిండు కావలసివస్తోందా అని ఫోనులో ఓపికగా అడిగి, తేడా కనిపిస్తే వెంటనే నర్సుకు తెలపాలి. తెలుగు ఇళ్లలోనైతే ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయల సంగతి విడిగా అడగాలి, ఎందుకంటే ఉప్పు తగ్గించామని నిజాయితీగానే చెప్పే పెద్దవారు వీటిని ఆ లెక్కలో వేసుకోరు.