వీధి గుమ్మం మీద గొడవ

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. మన రైతు గోడూ, మన గృహిణి గోడూ ఈ ఒక్క సామెతలో ఇమిడిపోతాయి. పంట విరగకాసిన ఏడాది మదనపల్లె టమాటా రైతుకి కోత కూలీ కూడా గిట్టదు. రోడ్డు పక్కన పారబోసి ఉత్త చేతులతో ఇంటికి పోతాడు. అదే టమాటా పట్నంలో మన సంచీలో పడేసరికి ధర ఎన్ని రెట్లవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మధ్యలో ఆ డబ్బు ఎవరు తింటున్నట్టు? చిల్లర వర్తకంలోకి విదేశీ కంపెనీలు రావచ్చా రాకూడదా అని దేశమంతా వాదులాడుకున్న రోజుల్లో అందరి నోళ్లలోనూ నానిన ప్రశ్న ఇదే.

ఆ గొడవ గుర్తుండే ఉంటుంది. 2011 నవంబర్ 24న కేంద్ర మంత్రివర్గం మల్టీబ్రాండ్ రిటైల్లో, అంటే ఉప్పూ పప్పూ సబ్బూ చీపురూ అన్నీ దొరికే దుకాణాల్లో, 51 శాతం విదేశీ పెట్టుబడికి సరే అంది. పార్లమెంటు స్తంభించింది. పట్టుమని పదిహేను రోజులు కాకముందే ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని అటకెక్కించింది. మళ్లీ 2012 సెప్టెంబర్ 14న కిందికి దించింది. తృణమూల్ కాంగ్రెస్ మద్దతు ఉపసంహరించుకుంది. సెప్టెంబర్ 20న భారత్ బంద్ జరిగింది.

రెండు పక్షాల వాదనలూ రసవత్తరంగానే సాగాయి. వాల్‌మార్ట్ వస్తే దళారీ పోతాడు, ఊరూరా శీతల గిడ్డంగులు లేస్తాయి, రైతుకి నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి అన్నారొకరు. వాల్‌మార్ట్ వస్తే వీధి చివర కిరాణా కొట్టు మూతపడుతుంది, ఈస్టిండియా కంపెనీ కూడా వ్యాపారానికే కదా వచ్చింది అన్నారింకొకరు. పండ్లు, కూరగాయల్లో 40 శాతం దాకా కుళ్లిపోతున్నాయన్న లెక్క ఆ రోజుల్లో ప్రతి ఉపన్యాసంలోనూ వినిపించేది. తీరా 2015లో భారత వ్యవసాయ పరిశోధన మండలి సంస్థ ఒకటి అధ్యయనం చేస్తే, ఆ నష్టం పంటను బట్టి సుమారు 5 నుంచి 16 శాతం మధ్య తేలింది. అదీ తక్కువేం కాదు. కానీ వాదన గెలవాలన్న ఊపులో అంకె ఎంతగా ఉబ్బిపోతుందో చూశారు కదా!

చివరికి సంగతి ఓటింగుకి వచ్చింది. 2012 డిసెంబర్ 5న లోక్‌సభలో ప్రభుత్వం 253-218 తేడాతో నెగ్గింది. ఎప్పుడూ ఎడమొహం పెడమొహంగా ఉండే బీజేపీ, వామపక్షాలు ఆ రోజు ఒకే పక్క ఓటేశాయి. సమాజ్‌వాదీ, బీఎస్పీలు విదేశీ పెట్టుబడి వద్దంటూ ఉపన్యాసాలిచ్చి, ఓటు వేళకి లేచి బయటికి నడిచాయి. రెండ్రోజుల తర్వాత రాజ్యసభలోనూ ప్రభుత్వానిదే గెలుపు. మా రాష్ట్రంలో పెట్టుకోండి అని ముందుగా ఒప్పుకున్న వాటిలో అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

సరే, గెలిచారు. తర్వాత ఎవరొచ్చారు?

చెప్పుకోదగ్గంతగా ఎవరూ రాలేదు. బ్రిటన్ నుంచి టెస్కో ఒక్కటి టాటాల చేయి పట్టుకుని వచ్చింది. వాల్‌మార్ట్ 2013లో భారతీతో భాగస్వామ్యం తెంచుకుని టోకు వ్యాపారానికే పరిమితమైంది. ఫ్రాన్స్ కంపెనీ కారఫోర్ 2014లో ఉన్న టోకు దుకాణాలు కూడా మూసేసి వెళ్లిపోయింది. 2014లో బీజేపీ తన మేనిఫెస్టోలో మల్టీబ్రాండ్ రిటైల్‌కి విదేశీ పెట్టుబడి వద్దని రాసుకుని మరీ అధికారంలోకి వచ్చింది. పాత అనుమతిని కొట్టేయలేదు, అమలూ చేయలేదు. తలుపు తెరిచే ఉంది కానీ గుమ్మంలో మంచం అడ్డం వేసినట్టన్నమాట.

ఈలోగా పక్క గుమ్మం తెరుచుకుంది. 2016 మార్చిలో ఆన్‌లైన్ మార్కెట్ వేదికల్లో నూటికి నూరు శాతం విదేశీ పెట్టుబడి పెట్టుకోవచ్చని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. బందుల్లేవు, వాకౌట్లు లేవు, ఓటింగూ లేదు. 2018 మేలో వాల్‌మార్ట్ 1600 కోట్ల డాలర్లు పెట్టి ఫ్లిప్‌కార్ట్‌లో సుమారు 77 శాతం వాటా కొంటున్నట్టు ప్రకటించింది. వీధి గుమ్మంలోంచి రానివ్వమని కొట్టుకున్న ఆసామి, మన చేతిలోని ఫోన్లోంచి ఇంట్లోకొచ్చి కూర్చున్నాడు. దీన్ని దొడ్డిదారి అనడానికి కూడా వీల్లేదు. అంతా చట్టం ప్రకారమే జరిగింది.

చిక్కంతా అక్కడే ఉంది. ముందు గుమ్మానికి 2012లో పెట్టిన షరతులు ఒకసారి చూడండి. కనీసం పది కోట్ల డాలర్లు తేవాలి. తెచ్చినదాంట్లో సగం మూడేళ్లలోగా గిడ్డంగులకీ, శీతలీకరణకీ, రవాణాకీ ఖర్చు పెట్టాలి. అమ్మే తయారీ సరుకుల్లో 30 శాతం ఇక్కడి చిన్న పరిశ్రమల దగ్గర కొనాలి. పది లక్షల జనాభా దాటిన నగరాల్లోనే కొట్టు తెరవాలి. అన్నిటికీ మించి, రాష్ట్రం ఒప్పుకోవాలి. టమాటా రైతుకీ, కిరాణా కొట్టాయనకీ, అగ్గిపెట్టెలో అప్పడాలో తయారుచేసే చిన్న యూనిట్‌కీ కాస్తో కూస్తో దన్నుగా నిలిచేవి ఈ షరతులే. అవన్నీ ఎవరూ రాని గుమ్మానికే వేలాడుతూ ఉండిపోయాయి. అందరూ వచ్చిన గుమ్మానికి వీటిలో ఒక్కటీ లేదు.

దానికి వేరే షరతులున్నాయి, కాదనను. వేదిక నడిపే కంపెనీ తన సొంత సరుకు అమ్మకూడదు, ధరల్లో వేలు పెట్టకూడదు. తనకు వాటా ఉన్న సంస్థ తన వేదిక మీద సరుకు అమ్మకూడదని 2018 డిసెంబర్లో నిబంధన ఇంకాస్త బిగించారు. అయినా కొందరు అమ్మకందారులకే పెద్దపీట వేస్తున్నారనీ, అడ్డగోలు తగ్గింపులిస్తున్నారనీ ఢిల్లీ వర్తకులు ఫిర్యాదు చేస్తే, 2020 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లపై విచారణకు ఆదేశించాల్సి వచ్చింది. దాన్ని ఆపాలని ఆ కంపెనీలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2021 ఆగస్టులో కోర్టు ఆపడానికి ఒప్పుకోలేదు.

స్వదేశీ కంపెనీలైతే ఈ బాధ ఉండదు కదా అంటారా? 2006లో రిలయన్స్ ఫ్రెష్ మొదటి దుకాణాలు తెరిచింది మన హైదరాబాద్‌లోనే. తోపుడు బండి పక్కన ఏసీ కూరగాయల కొట్టు వెలిసినప్పుడు అది దేశీయా విదేశీయా అని బండి అతను చూసుకోడు, ఆ పూట బేరం ఎంత తగ్గిందనేదే చూసుకుంటాడు. పైగా అదే రిలయన్స్ రిటైల్ 2020లో పది శాతం వాటా అమ్మి 47,265 కోట్ల రూపాయలు సమకూర్చుకుంది. కొన్నవాళ్లలో అమెరికా పెట్టుబడి సంస్థలూ, సౌదీ, సింగపూర్ ప్రభుత్వ నిధులూ ఉన్నాయి. నదిలో కలిశాక ఏ వాగు నీళ్లు ఏవో ఎవరు చెప్పగలరు?

కాబట్టి డబ్బు పుట్టిల్లు ఎక్కడని ఆరా తీయడంలోనే మన ఓపికంతా ఖర్చయిపోతే నష్టపోయేది మనమే. మన చర్చలన్నీ శాతాల చుట్టూనే తిరుగుతాయి. బీమా రంగాన్నే చూడండి. 26 శాతంతో మొదలై, 2015లో 49, 2021లో 74. ప్రతిసారీ అంకె మీదే రభస. పాలసీదారుడి క్లెయిము ఎన్ని రోజుల్లో పరిష్కరిస్తారు, పల్లెలో ఎన్ని శాఖలు పెడతారు అన్న ప్రశ్నలకి ఆ రభసలో పదో వంతు గొంతు కూడా దక్కదు. గనులైనా, ఓడరేవులైనా ఇదే వరస. కంపెనీ ఏ దేశానిదని అడుగుతాం కానీ, ఒప్పందంలో నిర్వాసితుడి గురించి ఏం రాశారని అడగం.

ఆన్‌లైన్ వల్ల మేలు లేదని కాదు. ఇంట్లో కూర్చుని నాలుగు ధరలు పోల్చి చూసుకుంటున్నాం. మంగళగిరి చీర మధ్యవర్తి లేకుండా దూరదేశం పోవడానికి దారి దొరికింది. కిరాణా కొట్టూ మనం భయపడినంతగా మూతపడలేదు. "బాబాయ్, రెండు కిలోల కందిపప్పు, ఖాతాలో రాసుకో" అంటే రాసుకునే యాప్ ఇంకా పుట్టలేదు మరి. కానీ ఆ కొట్టాయన నిలబడ్డాడంటే అది అతని రెక్కల కష్టం. పార్లమెంటులో అతని పేరు చెప్పి గొంతు చించుకున్నవాళ్ల చలవ ఎంతమాత్రం కాదు.

మళ్లీ ఇలాంటి చర్చ వస్తుంది. తప్పకుండా వస్తుంది. అప్పుడు టీవీలో ఎవరో ఈస్టిండియా కంపెనీని తలుచుకుంటారు, ఇంకెవరో కోట్ల ఉద్యోగాలు లెక్కపెడతారు. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగండి: "షరతులేమిటి, అవి అన్ని గుమ్మాలకీ ఉన్నాయా?"