మాటలు బతికున్నవాళ్ళకే!

సినిమా చూసొచ్చాక మీలో చాలామంది చేసే పని ఒకటుంది. నచ్చిన డైలాగొకటి పట్టుకొచ్చి నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకుంటారు. ఇప్పుడైతే సెల్‌ఫోన్ స్టేటస్‌లో పెడుతున్నారు. దాని పక్కనే గాంధీగారి మాటొకటి, వివేకానందుడి మాటొకటి. తప్పులేదు సుమండీ! మంచి మాట ఎక్కడ దొరికినా ఏరుకోవలసిందే. కాని, ఏరుకున్నదాన్ని ఏం చేస్తున్నాం? అదీ నా ప్రశ్న.

ఆమధ్య పనిమీద నెల్లిమర్ల వెళ్ళాను. విజయనగరం పక్కనే, జూట్ మిల్లుతో పేరుపడ్డ ఊరు. పొద్దున్నే టీ బడ్డీ దగ్గర నిలబడ్డాను. బడ్డీ కుర్రాడు ఘంటసాలవారి భగవద్గీత పెట్టాడు. అంతే! సైకిలు దిగుతున్న ఒకాయన గాభరాగా, "ఎవులు పోనారేటి?" అని అడిగాడు. అందరం నవ్వేశాం. నవ్వనిది బెంచీమీది ముసలాయన ఒక్కడే. మిల్లులో పనిచేసి మానేసిన మనిషట. గ్లాసు కింద పెట్టి అన్నాడు:

"సచ్చిపోనోడికి కిష్ణుడేటి సెప్తాడర్రా? బతికున్నోడికి గదా సెప్పినాడు! పని సెయ్యనని కూకున్నోడిని లేపినాడు."

ఎంత మాట! నిజమే చూడండి. విల్లు కింద పడేసి, నావల్ల కాదని చతికిలబడ్డ మనిషికి చెప్పిన మాటలవి. వాటిని మనం తీసుకెళ్ళి శవయాత్ర బండికి అప్పగించేశాం. బతుకులో చిక్కు పడ్డప్పుడు వినవలసినవి, బతుకే అయిపోయాక మైకులో వేస్తున్నాం.

ఆ గొంతు కథైనా అంతే. 1922లో కృష్ణా జిల్లాలో పుట్టిన ఘంటసాల, చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదల ఒక్కటే ఆస్తిగా విజయనగరం చేరారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు శిష్యుడిగా చేరదీసి విద్య చెప్పారు. మరి తిండో? జోలె భుజాన వేసుకుని ఇంటింటా మధుకరం ఎత్తుకున్నారు. తేనెటీగ పువ్వు పువ్వునా వాలినట్టు గడప గడపనా తిరిగి నాలుగు ముద్దలు తెచ్చుకోవడమన్నమాట. ఆ వయసు కుర్రాడికి అది ఎంత కష్టమో మీ వయసువాళ్ళకు నేను వేరే చెప్పాలా? అప్పుడాయనకు సినిమాలు లేవు, పేరు లేదు, రేపు ఏమవుతుందో తెలియదు. సాధన మాత్రం మానలేదు. ఆ మనిషి చివరి రోజుల్లో, ఆరోగ్యం బాగాలేనప్పుడు, గీత పాడి రికార్డు ఇచ్చారు. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఫలితం సంగతి తర్వాత, ముందు పని చెయ్యమనే ఆ మాట, పని చేసినవాడి నోట వచ్చింది. అందుకే కాబోలు, మనకంతగా పడుతుంది.

అదే విజయనగరం మనకింకో మనిషినీ చూపించింది. గురజాడవారి గిరీశం! 1897లో అచ్చయిన "కన్యాశుల్కం"లో బొంకులదిబ్బ మీద కనిపిస్తాడు. 1955లో సినిమాగా వచ్చినప్పుడు ఎన్.టి. రామారావుగారు వేసిన వేషం అదే. గిరీశంగారి దగ్గర దేనికైనా ఓ గొప్ప మాట సిద్ధంగా ఉంటుంది. సంస్కరణ మీద లెక్చరు కావాలా, రెడీ! అప్పులవాళ్ళు కనిపిస్తే మాత్రం ఆయన కనిపించరు. తమాషా ఏమిటంటే, ఆ సినిమాకి సంగీతం ఇచ్చింది ఘంటసాలే. మాటలు మోసేవాడూ, మాట మీద నడిచేవాడూ ఒకే సినిమాలో కలిశారన్నమాట!

మనందరిలో గిరీశం కొంచెం ఉంటాడు లెండి. నాకు మినహాయింపేమీ లేదు. ఆయన్ని కాస్త తగ్గించే ఉపాయం ఒకటి చెబుతాను. మీ పుస్తకంలో ఉన్న వంద మాటల్లోంచి ఒక్కటి తీసుకోండి. వారం రోజులు దానితోనే కాపురం చెయ్యండి. కోపం మంచిది కాదని రాసుకున్నారా? కూరలో ఉప్పు ఎక్కువైన రోజున అమ్మ మీద అరవకండి. కాలం విలువైనదని రాసుకున్నారా? చదవవలసింది చదివేసి మ్యాట్నీకి వెళ్ళండి, సినిమా కూడా రుచిగా ఉంటుంది. స్నేహం గొప్పదని స్టేటస్ పెట్టారా? పరీక్ష పోయి ఇంట్లో ముసుగుతన్ని పడుకున్న మీ స్నేహితుడింటికి ఈ సాయంత్రమే వెళ్ళండి.

వారం తర్వాత ఉత్తరం రాయండి. ఏ మాట నచ్చిందో వద్దు, ఏం చేశారో రాయండి. సరేనా?